అతుకు మీద అతుకు పడనివ్వకండి

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు నా అభినందనలు.

బెజవాడలో ఏ తాపీమేస్త్రినడిగినా గోడ గురించి ముందు చెప్పేది ఇదే: అతుకు మీద అతుకు పడకూడదు. కింది వరసలో రెండు ఇటుకలు కలిసిన చోట పై వరసలో నిండు ఇటుక కూర్చోవాలి. అప్పుడే పైబరువు పక్క ఇటుకలకూ పంచుకుపోతుంది. అతుకులన్నీ నిట్టనిలువుగా ఒకే గీతలో పడితే అది గోడ కాదు, పక్కపక్కన పేర్చిన ఇటుక దొంతర్లు.

తొమ్మిదంగుళాల గోడను ఇంగ్లిష్ బాండ్ అనే అమరికలో కడితే ఒక వరస ఇటుకలు గోడ పొడవునా, మరుసటి వరస ఇటుకలు అడ్డంగా వస్తాయి. ఫ్లెమిష్ బాండ్‌లో ప్రతి వరసలోనూ ఒకటి పొడవు, ఒకటి అడ్డం. ఇంగ్లిష్ బాండ్ గోడ మూలను దగ్గరగా చూడండి. అడ్డం వరసలో మూల ఇటుక పక్కనే, నిలువునా చీల్చిన సన్నని ముక్క ఉంటుంది. అదే క్వీన్ క్లోజర్. రెండుంబావు అంగుళాల ఆ ముక్క లేకపోతే పై వరస అతుకు పక్కకు తప్పుకోదు.

ఈ నేర్పు మన డెల్టాకు పాతదే. ఘంటసాల బౌద్ధ స్తూపాన్ని పరిశీలించిన పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే, 1894లో అచ్చయిన తన గ్రంథంలో దాని లోపలి కట్టుబడిని వివరించాడు. లోపలంతా ఇటుకే కాదు. నడుమ చతురస్రం, చుట్టూ వలయాకారపు గోడ, వాటిని కలుపుతూ బండిచక్రం ఆకుల్లా అడ్డగోడలు, మధ్య ఖాళీల్లో మట్టి. గోడలను ఒకదానితో ఒకటి ముడివేసి ఇటుకను పొదుపు చేశారు. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్‌లోనూ ఆ పొదుపే ఉంది. ఇటుకలను అంచు మీద నిలబెట్టి నడుమ ఖాళీ వదిలితే దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఎండ వేడీ లోపలికి తక్కువగా దిగుతుంది. మే నెల బెజవాడకు ఇంతకన్నా ఏం కావాలి?

స్లాబు బరువు పిల్లర్లే మోస్తున్నాయి, గోడ ఎలా కడితే ఏమిటని మీకు సైట్లో చెప్పేవాళ్లుంటారు. వినకండి. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, దాంతో పునాదీ కదులుతుంది. పునాది లోపాన్ని బాండ్ సరిచేయలేదు, నిజమే. కానీ అతుకులు తప్పించని గోడ చిన్న కదలికకే నిలువునా చీలుతుంది.

అందుకే నా కోరిక ఒక్కటే. ప్లాస్టరింగ్ మొదలుకాకముందే గోడ దగ్గరికి వెళ్లండి. మూలలు, గోడలు కలిసే చోట్లు మీ కళ్లతో చూడండి. తెలియనిది మేస్త్రిని మర్యాదగా అడిగి నేర్చుకోండి. తప్పు కనబడితే విప్పించి మళ్లీ కట్టించండి. ఆ తర్వాతే బిల్లు మీద సంతకం పెట్టండి.