పనికి కూర్చునే ముందు

(కురుచికుప్పం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనసు చెదరకుండా పని చేసుకోవడానికి ఎవరి నియమాలను వారు ఎలా ఏర్పరచుకోవాలన్నది ఈనాటి నా ప్రసంగ విషయం. ఈ మాట చెప్పగానే మన మిత్రులలో ఒకరు సందేహం వెలిబుచ్చారు. తద్దినాలను, ముహూర్తాలను, శాంతులను విడిచి వచ్చిన వాళ్లం కదా, మళ్లీ ఇంట్లోకి ఒక తంతును తెచ్చుకోవడం దేనికి అని ఆయన ప్రశ్న. ఇది తీసిపారేయదగిన సందేహం కాదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలలో శ్రాద్ధం పెట్టను, పిండప్రదానం చేయను అన్న ప్రతిజ్ఞ ఉంది. తథాగతుడు కూడా స్రోతాపన్నుడు మొదట తెంచుకోవలసిన మూడు సంయోజనాలలో సీలబ్బత పరామాసాన్ని ఒకటిగా చెప్పాడు. వ్రతాలను, ఆచారాలను పట్టుకుని వాటివల్లనే శుద్ధి కలుగుతుందని నమ్మడమే ఆ బంధనం.

ఇక్కడ ‘వాటివల్లనే’ అన్న మాట మీద కొంచెం నిలవాలి. చూళపంథకుని కథ మనలో చాలామందికి తెలుసు. నాలుగు నెలలు ప్రయత్నించినా ఒక్క గాథ కంఠస్థం కాలేదు. సొంత అన్నగారైన మహాపంథకుడే అతణ్ణి విహారం విడిచి వెళ్లిపొమ్మన్నాడు. బుద్ధుడు అతనికి ఒక శుభ్రమైన తెల్లని గుడ్డను ఇచ్చి, తూర్పుముఖంగా కూర్చుని, మలినం తొలగించడం అన్న అర్థం వచ్చే ఒకే మాట పలుకుతూ దానిని చేతితో రుద్దుతూ ఉండమన్నాడు. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. తెల్లగా ఉన్నది తన చేతి స్పర్శకే ఇలా మారిపోయిందని చూసి, అతడు అనిత్యతను గ్రహించాడు. బయటినుంచి చూసినవాడికి ఇది తంతే. దిక్కు ఉంది, వస్తువు ఉంది, పదే పదే పలికే మాట ఉంది. కానీ ఆ గుడ్డకు మహిమ ఉందని ఎవరూ అనలేదు, దానిని పీఠం మీద పెట్టి పూజించనూ లేదు. చెదిరే మనసుకు అది ఒక ఆధారం, అంతే. మొద్దు అని ముద్ర వేసి చదువుకు దూరం చేసిన వారి సంతతి మనం. ఈ కథ మనకు మరొక రకంగా కూడా దగ్గరది.

ఈ సంగతులను అందరికంటే శ్రద్ధగా రాసిపెట్టినవాడు బుద్ధఘోషుడు. సింహళ గ్రంథం ఆయనను బోధగయ ప్రాంతం వాడంటుంది. కాదు, ఆంధ్రదేశం వాడే అని వాదించిన పండితులూ ఉన్నారు. ఆ వివాదం ఎలా ఉన్నా, తాను కాంచీపురంలో నివసించినట్టు ఆయనే ఒక వ్యాఖ్యానంలో చెప్పుకొన్నాడు. కాంచీపురం మనకు వంద కిలోమీటర్లకు కాస్త పైన. క్రీస్తు శకం 5వ శతాబ్దిలో సింహళంలో ఆయన రచించిన విసుద్ధిమగ్గంలో, ధ్యానానికి కూర్చోబోయేవాడు ముందుగా తొలగించుకోవలసిన పది పలిబోధాలు, అంటే అడ్డంకులు, ఉన్నాయి. నివాసం, పోషించే కుటుంబాలు, లాభం, శిష్యగణం, తలపెట్టిన కట్టడపు పని, ప్రయాణం, బంధువులు, జబ్బు, గ్రంథపఠనం, ఋద్ధులు. చేతిలోని సెల్‌ఫోను ఒక్కటే వీటిలో కనీసం నాలుగింటిని మోసుకొస్తుందని నాకనిపిస్తుంది. బంధువులు వాట్సాప్‌లో ఉన్నారు, గణమూ అక్కడే ఉంది, లాభం కబురూ అక్కడికే వస్తుంది, నాలుగిళ్ల మాటలూ అందులోనే వినబడతాయి.

వీటిని ఆయన పరిష్కరించిన తీరు చూడండి. ‘మనసును అదుపు చేసుకో’ అని కసురుకోడు. కట్టడం పని కొంచెమే మిగిలితే పూర్తిచేసి రమ్మంటాడు, ఎక్కువ మిగిలితే మరొకరికి అప్పగించమంటాడు. తప్పని ప్రయాణం ఉంటే అది ముగించుకునే కూర్చోమంటాడు. ఎందుకంటే అడవిలో కూర్చున్నా ఆ ప్రయాణమే మనసులో మెదులుతుంది. తల్లిదండ్రులు జబ్బుపడితే వారికి సేవ చేయడమే ముందు. పదిహేను వందల ఏళ్ల కిందటి ఈ సలహాలో ఎంతటి లోకజ్ఞానం ఉందో గమనించారా? కరెంటు బిల్లు కట్టాలి, గ్యాసుకు చెప్పాలి అన్న ఆలోచన పుస్తకం తెరిచిన ప్రతిసారీ లేస్తుంటే, ముందు ఆ పని చేసి రావాలి. లేదా ఒక కాగితం మీద రాసి, ఫలానా గంటకు చేస్తానని పక్కన పెట్టాలి.

ధ్యానానికి పనికిరాని విహారాలకు ఆయన పద్దెనిమిది దోషాలు చెప్పాడు. వాటిలో రేవు దగ్గర ఉండడం ఒక దోషం. ఓడలు దిగినవాళ్లు చోటు ఇవ్వండి, మంచినీళ్లు ఇవ్వండి, ఉప్పు ఇవ్వండి అని వస్తూనే ఉంటారట. సముద్రపు ఒడ్డున, కుప్పంలో కూర్చుని ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. పెద్ద విహారం కూడా దోషమే. ఎవరి పని వారు పక్కవారికి వదిలేయడంతో తాగునీరు పెట్టే దిక్కు కూడా ఉండదు.

ఆ లెక్కన మన ఇళ్లలో ఒక్కటీ పనికిరాదు. మనలో చాలామందికి పని చేసుకోవడానికి వేరే గది లేదు. ఇల్లంతా కలిపి ఒకటిన్నర గది, పక్కన వంట, ఎదుట టీవీ. దీనికి సమాధానం నాకు బాబాసాహెబ్ బాల్యంలో దొరికింది. బొంబాయి పరేల్‌లోని చాల్‌లో ఆ కుటుంబానికి ఉన్నది ఒకే గది. అందులోనే వంట, సామాను, మనుషులు, ఒక మేక, ఒక తిరగలి. తండ్రి రాంజీ సక్పాల్ కొడుకును పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండు గంటల దాకా తాను మేలుకుని ఉండి, అప్పుడు అతణ్ణి లేపి తాను పడుకునేవారు. కొడుకు కిరసనాయిలు దీపం ముందు తెల్లవారేదాకా చదివేవారు. పడుకునే చోటును తండ్రీ కొడుకులు వంతులవారీగా పంచుకున్నారు. స్థలంలో దొరకని గదిని కాలంలో కట్టుకున్నారు. 1907లో ఆ బాలుడు మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. తండ్రి నిద్ర మానుకోకపోతే ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు. ఏకాగ్రత ఒక్క మనిషి సంకల్పబలమని అనుకునేవారు ఈ తండ్రిని లెక్కలోకి తీసుకోరు.

అదే 1907లో మద్రాసులో, భౌతిక రసాయన శాస్త్రాల అధ్యాపకుడైన పోకల లక్ష్మీనరసు గారు బౌద్ధసారాన్ని వివరించే ఆంగ్ల గ్రంథాన్ని వెలువరించారు. 1948లో దాని మూడో ముద్రణకు బాబాసాహెబ్ పీఠిక రాశారు.

నియమం నిలబడడానికి ఈ ఊరి నుంచే ఇంకొక ఉదాహరణ ఉంది. ఆనందరంగ పిళ్ళై బౌద్ధుడు కాడు, కులం పట్టింపులు వదిలినవాడూ కాడు. కానీ డూప్లే దగ్గర దుబాసీగా ఊపిరాడని కొలువు చేస్తూ, 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాస్తూ వచ్చాడు. తెలుగులో కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందము రాసింది ఆయన పేరు మీదనే. ఆయన సంపద, కొలువు గతించాయి. రాసిన దినచర్య నేటికీ చరిత్రకారులకు ఆధారం.

ఇక ఆచరణలోకి వస్తాను. విసుద్ధిమగ్గంలో ధ్యాననైపుణ్యాలలో మొదటిది శుభ్రత. గోళ్లు, వెంట్రుకలు పెరిగి, బట్ట మాసి, గది చిందరవందరగా ఉంటే జ్ఞానం కూడా మసకబారుతుందట, మురికి ప్రమిదలో, మురికి వత్తితో వెలిగే దీపంలాగా. కాబట్టి బల్ల తుడవండి. బల్ల లేకపోతే చాప తుడవండి. ఫోనును పక్క గదిలో, అది లేకపోతే ఇంట్లో మరొకరి చేతిలో పెట్టండి. తరువాత శ్వాసను లెక్కపెట్టండి. ఐదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు. ఐదులోపు ఆపితే ఇరుకు దొడ్డిలో పశువుల్లా మనసు కుమ్ములాడుతుంది. పది దాటితే మనసు శ్వాసను వదిలి అంకెను పట్టుకుంటుంది. మొదట ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కించమన్నాడు బుద్ధఘోషుడు. మన కళ్లాల్లో ఒకటికి బదులు ‘లాభం’ అని మొదలుపెట్టి కొలిచేవాళ్లను చూసినవారికి ఆ నిదానం వెంటనే అర్థమవుతుంది. మూడు నాలుగు ఆవృత్తులు చాలు. వెంటనే పనిలోకి దిగండి. లెక్కింపు మీదే అరగంట గడిపితే అది పనిని వాయిదా వేసే కొత్త ఉపాయమవుతుంది.

బుద్ధుని పటం ముందు అగరువత్తి వెలిగించి కూర్చోవచ్చా అని ఇందాక ఒక సోదరి అడిగారు. నిరభ్యంతరంగా వెలిగించవచ్చు. ఆ వాసనకు మనసు పనివైపు తిరుగుతుంటే మంచిదే. అగరువత్తులు అయిపోయిన రోజున, ఈరోజు చదువు సాగదు అని మీకు అనిపిస్తే మాత్రం ఒక నెల రోజులు అది లేకుండా కూర్చుని చూడండి. మొదట మిత్రుడు అడిగిన ప్రశ్నకు కూడా నా జవాబు ఇదే.

చివరిగా ఒక విన్నపం. ఈ హాలు తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది. ఇంట్లో చోటు లేని పిల్లలు ఈ చుట్టుపక్కల వీధుల్లో ఎందరో ఉన్నారు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా తాళం తీసి ఉంచడానికి, దీపాలు వేయడానికి, బిందెతో తాగునీరు పెట్టడానికి రోజుకు ఇద్దరు పెద్దలు కావాలి. పేరు ఇవ్వదలచినవారు సభ ముగిశాక నన్ను కలవండి. ఆదివారానికి నా పేరు రాసుకున్నాను.