మన రాత మన వాడలనే చదువుదాం

(జగిత్యాల దగ్గరి ఒక ఊర్ల, వాడ రచయితలు తమ రాతలు చదివిన రాత్రి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా పత్తి ఏరి, బీడీలు చేసి, అలిసిపోయి వచ్చి గీ చలిల కూసున్నరు. ఇంతకుముందు ఐదుగురు చదివిన్రు. అందుల ఇద్దరు ఆడబిడ్డలు. ఒక పిల్లగాడు చదువుతుంటే కాయితం వణికింది గాని గొంతు వణకలే. వాళ్ళు చదివినంక నేను కొత్తగ చెప్పేది ఏం లేదు. ఒక్క సంగతి మాత్రం ఉన్నది. మన రచయితలు రాసింది ముందుగాల ఎక్కడ చదవాలె, ఎవరి ముంగట చదవాలె? దాని మీదనే మాట్లాడుత.

నా సంగతితోనే మొదలు పెడత. చానా ఏండ్ల కింద మా అవ్వ మీద ఒక కవిత రాసిన. దొర పొలంల నాటు వేసుకుంట ఏడ్చిందని, ఆమె కండ్ల నీళ్ళు మడి నీళ్ళల్ల కలిసినయని రాసిన. పట్నంల ఒక సాహిత్య సభల చదివిన. చప్పట్లు మస్తు పడ్డయి. ఒక పెద్దమనిషి వచ్చి భుజం తట్టిండు. ఆ సభలనే ఇంకో ముచ్చట. అందరిని 'కవి' అని పిలిచి నన్ను 'దళిత కవి' అని పిలిచిన్రు. పిలిచేటాళ్ళకు తొమ్మిదిన్నర అయింది, సగం కుర్చీలు ఖాళీ. దళితున్ని అని చెప్పుకోను నాకు సిగ్గు లేదు. కాని మిగిలినోళ్ళ కులం మైకుల చదవలే గదా, నా ఒక్కనిదే ఎందుకు చదివిన్రు?

నెల రోజులకు అదే కవిత మా వాడల చదివిన. మా చిన్నమ్మ ఒడిల చాట పెట్టుకొని బీడీలు చేసుకుంట ఇన్నది. అయిపోయినంక కత్తెర కింద పెట్టి అన్నది: "బిడ్డా, మీ అవ్వ గా దినం ఏడ్వలే. రెండు మానికెల కూలి మూడు మానికెలు చేస్తెనే మడిల దిగుతమని గెట్టు మీద కూసున్నది. ఆమె కూసుంటే మేం ఇరవై మందిమి కూసున్నం. మూడో దినం దొర దారికొచ్చిండు. అది ఎందుకు రాయలే?"

నాకు తెల్వదు కాబట్టి రాయలే. అవ్వ చెప్పలే, నేను అడగలే. పట్నం సభల ఇన్నోళ్ళు తక్కువేం లేరు, అందరు చదువుకున్నోళ్ళే. ఆ తప్పు ఒక్కరికి దొరకలే. ఎట్ల దొరుకుతది? ఏడ్చే మాదిగామె వాళ్ళకు ఎరుకే, గెట్టు మీద కూసున్న మాదిగామె ఎరుక లేదు. చదువు రాని మా చిన్నమ్మ ఒక్కసారి ఇని తప్పు పట్టింది. ఆ రాత్రే కాయితం చింపి మళ్ళ రాసిన. రెండోది పట్నంల చదివితే చప్పట్లు జర తక్కువ పడ్డయి, అది వేరే ముచ్చట.

చిన్నమ్మ చెప్పిన దినాలు ఏ దినాలు? 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగిన దినాలు. వెట్టి బందు కావాలె, కూలి పెరగాలె, జీతగాళ్ళ జీతం పెరగాలె అని ఊర్లకు ఊర్లు కదిలినయి. అదే ఏడు అక్టోబర్ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిల సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు చెప్పిన లెక్క పదమూడు మంది. గూడేల లెక్క అంతకు మస్తు ఎక్కువ. నలుగురు ఒక్క తాన కూడుడే నేరమైన నేల మనది. రాత్రిపూట దీపం పెట్టుకొని కాయితం చదివితే "ఏం కాయితమది?" అని గద్దించిన కాలం చూసినోళ్ళు ఇక్కడ ముందు వరుసలనే ఉన్నరు. ఇయ్యాల మనం మైకు పెట్టుకొని చదువుకుంటున్నమంటే అది ఉట్టిగ రాలే.

కొందరు అంటరు, చదువుడు మన జాతికి కొత్త అని. కాయితం కొత్త కావచ్చు. ఇనుడు కొత్త కాదు. డక్కలాయన జాంబ పురాణం చెప్తే తెల్లందాక ఇన్న జాతి మనది. చిందోళ్ళు ఆట కడితే, బైండ్లాయన జమిడిక పట్టుకొని ఎల్లమ్మ కథ చెప్తే, ఎక్కడ మాట తప్పిండో చెప్పగలిగిన ముసలోళ్ళు మన అరుగుల మీద ఉండిరి. ఆదిలాబాద్ గూడేలల్ల ప్రధానులు కీక్రి వాయించుకుంట గోండుల కథ చెప్తరు. మరి గోండులకు రాత లేదంటిరి గదా? నార్నూర్ దిక్కు గుంజాల గూడెంల గోండి లిపి రాతప్రతులు బయటపడ్డయి. 2018ల ఆ లిపి కంప్యూటర్లకు కూడ ఎక్కింది. అడవిల రాత లేదన్నోళ్ళు అక్కడ రాత ఉన్నదేమో అని ఎన్నడు అడగలే, అంతే.

గుర్రం జాషువాను వినుకొండ సభల పద్యం చదివితే అంటరానివాడని అవమానించిన్రు. ఆయన 1941ల గబ్బిలం రాసిండు. గుడిలకు పోనియ్యరు కాబట్టి తన గోస శివునికి చెప్పమని గబ్బిలంతోని కబురు పంపినట్టు రాసిండు. అంతకు ముందే, 1906ల, హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి మనోళ్ళకు హరికథలు, ఉపన్యాసాలు చెప్పించిండు. కాయితం చదవరానోళ్ళకు చెవిల చదువు పోసిండన్నట్టు. ఇటు వార్ధా నది దాటితే చంద్రపూర్. 1956 అక్టోబర్ 16న బాబాసాహెబ్ అక్కడ బౌద్ధ దీక్ష ఇచ్చిండు. ఆ దిక్కు జల్సాలు కట్టి, పాటలు కట్టి అంబేద్కర్ మాట వాడవాడకు చేర్చిన్రు. వామన్‌దాదా కర్డక్ పాట ఆసిఫాబాద్ దిక్కు నేతకాని వాడలల్ల మరాఠీ వచ్చినోళ్ళకు ఇప్పటికీ నోట్ల ఉన్నది. మొదటి దళిత సాహిత్య సమ్మేళనం బొంబాయిల 1958లనే పెట్టుకున్నరు. మన తెలుగుల కారంచేడు, చుండూరు నెత్తురు పారినంక 1995ల 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. మా తాన దాని కాపీ ఒక్కటే ఉండె. అట్ట ఊడిపోయేదాక చేతులు మారింది. ఒకడు చదివితే ఇరవై మంది ఇన్నరు.

గూడ అంజయ్య సంగతి మీకు తెలిసిందే. ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి దిక్కు లింగాపురంల పుట్టిండు. 2016ల పోయిండు. 'ఊరు మనదిరా' పాట పాడని ఊరు తెలంగాణల ఉన్నదా? కాని పాడినోళ్ళల్ల ఎందరికి ఆయన పేరు ఎరుక? పాట జనానిది కావాలె, నిజమే. జనంల కలిసిపోయిందని మురుస్తం. కాని పెద్ద కులపోని పాట ఎంత జనంల కలిసినా కింద పేరు ఉంటది, మనోని పేరే ఎట్ల రాలిపోతది? అందుకే ఇక్కడ చదివిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, తారీఖు నోటుబుక్కుల ఎక్కాలె. చదివిన కాయితం నకలు సంఘం పెట్టెల ఉండాలె.

కరీంనగర్ల రచయితలు పున్నం రాత్రి ఒకరి ఇంటి బంగ్ల మీద కూడి కవితలు చదువుకునుడు మొదలుపెట్టి పదేండ్లు దాటింది. 'ఎన్నీల ముచ్చట్లు' అని మంచి పేరు పెట్టిన్రు. చదివినయి చిన్న పుస్తకాలుగ కూడ వేసిన్రు. మంచి పని. పిలిస్తే మనోళ్ళు పోవాలె, చదవాలె, నేర్చుకోవాలె. కాని మా చిన్నమ్మ ఆ బంగ్ల ఎక్కదు. ఆమెను బస్సుల కరీంనగర్ తోలుకపోను ఎవలకు పురుసతున్నది? ఆమె లేని తాన నా కవిత తప్పు ఎవలు పడుతరు? అందుకే ముందు ఇక్కడ చదువుండ్రి, తర్వాత అక్కడ చదువుండ్రి అంటున్న. వెనుకకు ముందు చెయ్యకుండ్రి.

ఇగ మన వాడ గురించి ఒక చేదు మాట. నేను మాదిగ బిడ్డను కాబట్టి నేనే చెప్పాలె. జాంబ పురాణం చెప్పి, మనమే ఆది జాంబవుని బిడ్డలమని మనకు చెప్పింది ఎవరు? డక్కలోళ్ళు. మనం వాళ్ళను ఎక్కడ కూసోబెట్టినం? వాడ అవతల. మన గడప తొక్కనియ్యలే, మన బాయి ముట్టనియ్యలే. ఊరు మనకు చేసింది మనం వాళ్ళకు చేసినం. 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైన వర్గీకరణ చట్టంల వాళ్ళను అందరికన్న ఎనుకబడ్డ మొదటి గ్రూపుల పెట్టిన్రు. చట్టం నౌకరి కాడ లెక్క చూస్తది. సభల చాప మీద జాగ మనమే ఇయ్యాలె. ఈ రాత్రి డక్కలి నుంచి ఎవరు రాలే. ఎవరు పోయి పిలిచిన్రు? చెయ్యి లేపుండ్రి. సూడుండ్రి, ఒక్కరు లేపలే. నేను కూడ లేపలే.

మాల వాడోళ్ళు, మాదిగ వాడోళ్ళు వేరువేరుగ పెట్టుకుందామని ఒక మాట వచ్చింది. నేను ఒప్పుకోను. వర్గీకరణ మీద కొట్లాడినం, ఎవల వాదన వాళ్ళు చెప్పుకున్నం. ఆ వాదన కూడ రాసుకొచ్చి ఇక్కడనే చదువుండ్రి, ఎదుటోడు ఇంటడు. ఒక పున్నం ఈ వాడ, ఇంకో పున్నం ఆ వాడ. ఛాయ ఖర్చు ఏ వాడల కూడితే ఆ వాడది.

ఆఖరుకు ఇందాక చదివిన చిన్న బిడ్డ సంగతి. డిగ్రీ చదువుతున్నది. హోటల్ల మనోళ్ళకు గ్లాసు వేరే పెట్టుడు మీద రాసింది. హోటలాయన పేరు పెట్టి రాసింది. చదువుతుంటే ఎనుకనుంచి గుసగుస నేను ఇన్న. "పేరు తీసెయ్యమను, రేపు లొల్లయితది" అని. పెద్దోళ్ళకు భయం ఉంటది, ఉట్టి భయం కాదు. పాలు పోసేది ఆ హోటలుకే, అప్పు తెచ్చేది వాళ్ళ అన్న కాడనే. అది నాకు తెలుసు. పట్నంల చదివితే ఆ పేరుకు ఏం బరువు ఉండదు, అక్కడ ఆయన ఎవలో ఎవలకు ఎరుక లేదు. ఈ ఊర్ల చదివితేనే బరువు. ఇదే నేను మొదటినుంచి చెప్తున్నది.

పేరు ఉంచుడా తీసుడా ఆ బిడ్డ ఇష్టం. మనం తీయమని చెప్పొద్దు, ఉంచమని ఎగదోయొద్దు. కాని ఆమె చదివింది, ఎనభై మందిమి ఇన్నం. రేపు ఎవడన్న వాళ్ళింటి ముంగటికి వచ్చి అడిగితే, "మేం కూడ ఇన్నం, అది నిజమే" అని ఆ గడప కాడ నిలబడేది ఎందరు? 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది, కేసు పెట్టొచ్చు. కాని సాక్షి లేక కేసులు వీగిపోయిన సంగతి ఇక్కడ అందరికి ఎరుకే. ఇంకో ముచ్చట. చదువుతుంటే ముగ్గురు పిల్లగాండ్లు ఫోన్ల వీడియో తీసిన్రు. ఆ బిడ్డను అడగకుండ వాట్సాపుల పెట్టకుండ్రి. గ్రూపుల పెట్టి మీరు ఇంట్ల పండుకుంటరు, రాయి పడేది వాళ్ళ ఇంటి మీద.

నిలబడేటోళ్ళు సభ అయినంక నోటుబుక్కుల పేరు రాయుండ్రి. సంతకం రానోళ్ళు వేలిముద్ర వేయుండ్రి. వచ్చే పున్నానికి మాల వాడల. డక్కలి గుడిసెల కాడికి రేపు పొద్దుగాల నేను పోత, నాతోని ఇద్దరు రావాలె. నేను మస్తుసేపు మాట్లాడిన. మా చిన్నమ్మ ఒక నాటు పాట యాదికొచ్చిందని అంటున్నది. మైకు అటు ఇయ్యుండ్రి. రాసుకునేటోళ్ళు పెన్ను తీయుండ్రి, ఆమె రెండోసారి పాడదు.