ధ్వజస్తంభ ప్రదక్షిణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



దేవాలయమునకు పోయినవారు ధ్వజస్తంభమునకు ప్రదక్షిణము చేసి లోనికి పోవుట అందరు ఎరిగిన ఆచారమే. కెనడా దేశమున ఉద్యోగానుమతి పత్రము కొరకు అనేక సంవత్సరముల పాటు వేలకొలది జనులు మరియొక విధమగు ధ్వజస్తంభ ప్రదక్షిణము చేసిరి. వారు చుట్టి వచ్చినది దేవుని స్తంభము కాదు. సరిహద్దునకు ఆవల అమెరికా జెండా ఎగురుచుండు స్తంభము. అందువలననే ఆ పనికి ‘ఫ్లాగ్‌పోలింగ్’ అను వాడుక పేరు ఏర్పడినది. కెనడాలోనున్న మనిషి కారులో సరిహద్దు దాటి, ఆవలి జెండా స్తంభమును చుట్టినట్లుగా తిరిగి, గంటలలో వెనుకకు వచ్చి, సరిహద్దు అధికారి చేతులమీదుగా క్రొత్త పత్రమును పుచ్చుకొనెడివాడు.

ఎక్కడి కెనడా, ఎక్కడి సరిహద్దు, ఈ పల్లెకు ఆ గొడవ ఏల అని కొందరికి తోచవచ్చును. కాని ఎకరమో అరయెకరమో తాకట్టు పెట్టి బిడ్డను కెనడాకు పంపిన ఇండ్లు నేడు తెలుగు పల్లెలలో కలవు. అట్టి ఇంటికి కుమారుని పర్మిట్టు గడువు తీరు దినము, అప్పు వాయిదా దినము వంటిదే. “బోర్డరుకు పోతే ఒక్క పూటలో పని అయిపోతుంది” అని ఆ కుమారునితో ఎవరో స్నేహితుడు చెప్పును. కుమారుడు ఇంటికి ఫోను చేసి అదే మాట చెప్పును. తండ్రి నిశ్చింతగా నిద్రపోవును. ఆ మాట ఒకప్పుడు నిజమే. 2024 డిసెంబరు 23 తరువాత అత్యధికుల విషయమున అది నిజము కాదు. పాత మాట నమ్మి నేడు బయలుదేరినవానికి కలుగు నష్టము పెట్రోలు ఖర్చుతో పోవునది కాదు.

ముందుగా ఆ సరిహద్దును గూర్చి కొంచెము. కెనడాకు, అమెరికా సంయుక్త రాష్ట్రములకు నడుమ సరిహద్దు 8,891 కిలోమీటర్లు. రెండు దేశముల నడుమ ఇంత పొడవైన సరిహద్దు ప్రపంచమున వేరొకటి లేదు. నయాగరా నదిపై 1927లో తెరచిన శాంతి వంతెన, జలపాతము ఎదుట 1941లో తెరచిన రెయిన్‌బో వంతెన, డెట్రాయిటు నగరమును విండ్సరుతో కలుపుచు 1929లో తెరచిన అంబాసిడరు వంతెన, పడమటి కొసన 1921 నాటి శాంతి తోరణము, ఇవి పేరుపొందిన ద్వారములు. పేరులో ఎంత శాంతి ఉన్నను, ద్వారమున తనిఖీ తనిఖీయే. అచ్చట కూర్చుండు అధికారులు 2003లో ఏర్పడిన సరిహద్దు సేవా సంస్థకు చెందినవారు.

మన దేశస్థులకు కెనడా ద్వారముతో పరిచయము నేటిది కాదు. 1908లో ఆ దేశము ఒక నిబంధన చేసినది: వలస వచ్చువాడు తన దేశమునుండి నడుమ ఎచ్చటను ఆగక నేరుగా రావలెనట! భారతదేశమునుండి అట్లు వచ్చు వసతి లేదని ఎరిగియే చేసిన నిబంధన అది. 1914 మే 23న ‘కొమగాటమారు’ ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవు చేరినది. వారిలో అత్యధికులు పంజాబు సిక్కులు. రెండు నెలలు నీటిమీదనే నిలిపి, కొద్దిమందిని మాత్రము దిగనిచ్చి, జూలై 23న ఓడను వెనుకకు మరలించిరి. 2016 మే 18న కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో దీనికి క్షమాపణ చెప్పెను. జాతిని బట్టి కాక చదువు, వయస్సు, భాష మున్నగువానికి మార్కులు వేసి వలసదారులను ఎంచు పద్ధతి 1967లో వచ్చినది. పత్రములలోని ఒక చిన్న వాక్యము మనుష్యుల బ్రతుకులను ఎట్లు త్రిప్పగలదో ఆ ఓడ కథ చెప్పును. నేటి ప్రదక్షిణమును కూడ కొన్ని వాక్యములే పుట్టించినవి, ఒక వాక్యమే తీసివేసినది.

ఆ వాక్యములెట్టివనగా: వీసా అక్కరలేని విదేశీయుడు కెనడాలో ప్రవేశించునపుడే ద్వారమున ఉద్యోగానుమతికి దరఖాస్తు చేయవచ్చునని ఒక నియమము. భారతీయునికి సాధారణముగా వీసా కావలయును గనుక ఈ నియమము వానికి పనికిరాదు. అయితే కెనడా అనుమతిపై నివసించుచు, అమెరికాకు మాత్రమే పోయి నేరుగా తిరిగివచ్చువానికి మరల వీసా అక్కరలేదని వేరొక నియమము. రెండును కలిపి చదివిన తెలివిగలవాడెవడో దారి కనిపెట్టెను. అమెరికా వీసా లేనివాడు కూడ పోయెడివాడు. అమెరికా అధికారి వానిని లోనికి రానీయక ఒక కాగితమిచ్చి మరలించెడివాడు. ఆ కాగితము పట్టుకొని కెనడా వైపు వచ్చి, పక్క కార్యాలయములో వరుసలో కూర్చుండి, పత్రములు చూపి, రుసుము చెల్లించి, అచ్చయిన పర్మిట్టుతో ఇల్లు చేరెడివాడు. ఇంటినుండి కంప్యూటరు ద్వారా దరఖాస్తు చేసినచో నెలలు పట్టు పని ఇచ్చట గంటలలో అగుచుండగా ఎవరు పోకుందురు?

అందరును పోయిరి, అదియే చిక్కైనది. 2023 ఏప్రిలు మొదలు 2024 మార్చి వరకు పసిఫిక్కు, దక్షిణ అంటారియో, క్విబెకు ప్రాంతముల ద్వారములలో 69,300కు పైగా జనులు ఈ ప్రదక్షిణము చేసిరి. సరకు లారీలను, అనుమానాస్పదులను తనిఖీ చేయవలసిన అధికారులు గుమాస్తాల పనిలో మునిగిరి. అమెరికా వారికి కూడ ఇది తలనొప్పియే. తమ దేశమునకు రాదలచని వానిని ఆపి, కాగితము వ్రాసి పంపవలసి వచ్చెను. మొదట కొన్ని ద్వారములలో దినములను, గంటలను పరిమితము చేసిరి. 2024 జూన్ 21న, చదువు ముగించిన విద్యార్థులకిచ్చు ఉద్యోగానుమతిని సరిహద్దున ఇయ్యమనిరి. ప్రదక్షిణమునకు పోవువారిలో సుమారు ఐదవ వంతు ఈ విద్యార్థులే. తుదకు 2024 డిసెంబరు 23 రాత్రి 11 గంటల 59 నిమిషములకు ఉద్యోగ, విద్యా అనుమతులు రెంటికిని ఈ దారి మూసివేసిరి. అధికారుల బాధ న్యాయమైనదే. అయినను ఇంటి దరఖాస్తులను వేగముగా తేల్చియుండినచో ఇంతమంది ఆ వంతెనలెక్కియుండరనుట కూడ న్యాయమే.

మినహాయింపులు కొన్ని మిగిలినవి. అమెరికా పౌరులు, అచ్చట గ్రీను కార్డు గల శాశ్వత నివాసులు. అమెరికా, మెక్సికో, చిలీ, పెరూ మొదలగు దేశములతో గల స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడికల క్రిందికి వచ్చు వృత్తినిపుణులు. నియమిత పరిస్థితులలో దేశాంతర లారీ డ్రైవర్లు. గ్రీను కార్డు గల తెలుగువాడు ఈ మినహాయింపులోనికి వచ్చును; భారత పాస్‌పోర్టుతో కెనడాలో చదివిన మామూలు విద్యార్థి రాడు.

ఒక భేదము గమనింపవలెను. మూసినది ప్రదక్షిణమునే గాని ద్వారమును కాదు. ముందే దరఖాస్తు చేసి, ఆమోదపు ఉత్తరము, వీసా పొంది క్రొత్తగా వచ్చువానికి పర్మిట్టు ద్వారముననే అచ్చువేసి ఇత్తురు, అది విమానాశ్రయమైనను వంతెనయైనను. 2023 జూలై 16న కెనడా, అమెరికాలో హెచ్‌-1బి వీసాపై పనిచేయువారికి ప్రత్యేక అనుమతులకు దరఖాస్తులు తీసికొన మొదలిడి, 10,000 దరఖాస్తుల పరిమితి పెట్టగా, మరునాటికే అది నిండిపోయినది. హెచ్‌-1బి పై తెలుగువారెందరున్నారో ఈ సభలో చెప్పనక్కరలేదు. వారందరు చేసినది ఇంటినుండి దరఖాస్తు. సరిహద్దున జరిగినది పత్రము పుచ్చుకొనుట మాత్రమే.

ఇక కెనడాలోనే ఉన్నవాడు చేయవలసినదేమి? గడువు తీరకముందే కంప్యూటరు ద్వారా దరఖాస్తు చేయవలెను. ముందుగా చేసినవాడు పాత పర్మిట్టు గడువు ముగిసినను, తీర్మానము వచ్చువరకు పాత షరతులపై పని చేసికొనవచ్చును. దీనికి ఒక కట్టుబాటు: అతడు కెనడా దాటి పోరాదు. పాత మాట నమ్మి వంతెనకు పోయినవాని అసలు నష్టమిదియే. పర్మిట్టు చేతికి రాదు సరికదా, గడువు ముగిసిన పిదప దేశము దాటినందున, తీర్మానము వచ్చువరకు పనిచేయు హక్కు కూడ పోవును. నెలల తరబడి జీతము లేక అద్దె గదిలో కూర్చుండవలసినవాడు అతడు; వడ్డీ కట్టవలసినవాడు ఇచ్చటి తండ్రి. గడువు దాటిన పిమ్మట మేల్కొన్నవానికి, హోదా పునరుద్ధరణకు 90 దినముల అవకాశము కలదు. ఆ కాలమున పని చేయరాదు.

సొమ్ము విషయము ఇండ్లలో తెలిసియుండుట మంచిది. 2024లో ఉద్యోగానుమతి రుసుము 155 డాలర్లు. ఏ యజమాని వద్దనైనను పనిచేయు అనుమతికి మరియొక 100. వేలిముద్రలకు, ఛాయాచిత్రమునకు 85. కెనడావారు దొరకని పనికి విదేశీయుని పెట్టుకొందుమని యజమాని తీసికొను ఎల్.ఎం.ఐ.ఏ. పరిశీలనకు 1,000 డాలర్లు; అది యజమానియే భరింపవలెను, పనివానివద్ద రాబట్టుట చట్టవిరుద్ధము. ఈ లెక్క ఎరుగని తల్లిదండ్రులు ‘ఎల్.ఎం.ఐ.ఏ. ఇప్పింతు’ మను మధ్యవర్తికి లక్షలు ధారపోయుచున్నారు. దానితో పోయినను సరే. ఆ మధ్యవర్తి దొంగ పత్రము జతచేసినచో, తెలియక సంతకము చేసినవానికి కూడ ఐదు సంవత్సరముల నిషేధము పడవచ్చును. వెనుక అమెరికా ద్వారమున మరలింపబడినవాడు కూడ, దరఖాస్తులో “ఏ దేశమైనను ప్రవేశము నిరాకరించినదా?” అను ప్రశ్నకు ఉన్నదున్నట్లు వ్రాయవలెను. దాచుటయే నేరము.

ద్వారమున పత్రము అందుకొనువాడు కిటికీ వద్దనే నిలబడి దానిని చదువవలెను. ఇంటిపేరు, అసలు పేరు తారుమారైనవా, యజమాని పేరు సరిగా ఉన్నదా, గడువు ఎంతవరకు వ్రాసిరి? పాస్‌పోర్టు గడువును మించి పర్మిట్టు ఇయ్యరు. మూడేండ్లు రావలసినవానికి పాస్‌పోర్టు పాతదైనందున ఒక్క ఏడే వచ్చుట కలదు. తప్పు అక్కడే చెప్పిన అక్కడే దిద్దుదురు. ఇల్లు చేరిన పిదప అదియొక వేరు దరఖాస్తు.

ఆ పత్రముమీద, ఇది తిరిగి ప్రవేశించుటకు అధికారమీయదని ఒక వాక్యముండును. పర్మిట్టు పనికి; వీసా ప్రవేశమునకు. చెల్లెలి పెండ్లికి ఊరికి రాదలచిన అన్న విమానపు టిక్కెట్టు కొనకముందు పాస్‌పోర్టులో అంటించిన వీసా తేదీ చూచుకొనవలెను. పర్మిట్టు రెండేండ్లున్నను ఆ తేదీ దాటియున్నచో, క్రొత్త వీసా వచ్చువరకు హైదరాబాదులో విమానమే ఎక్కనీయరు.