జంతువులంటే ఇష్టం - అది ఉద్యోగం కావాలా?

(ఇంటర్ బై.పి.సి. చదువుతున్న ఆడపిల్లలు, మహిళా సంఘాల కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మూగజీవాలంటే ప్రాణం. పశువుల డాక్టర్నవుదామనుకుంటున్నాను, మంచిదేనా?" అని ఇక్కడి పిల్లలు అడుగుతున్నారు. పైకి ఇది ఇష్టానికి సంబంధించిన ప్రశ్నలా ఉంది గాని, లోపల పనికీ, కూలికీ, హక్కుకీ సంబంధించిన ప్రశ్న ఉంది.

పల్లెల్లో పశువుల చాకిరీ చేయని స్త్రీలు ఎంతమంది? పేడ తీయడం, కుడితి పెట్టడం, గడ్డి కోసుకురావడం, సూడి గేదె ఈనే రాత్రి నిద్ర మానుకుని కాచుకోవడం ఆమె పనే. గేదె ఎదకొచ్చిందని మొదట పసిగట్టేదీ ఆమే. పాల సంఘంలో సభ్యత్వం, బ్యాంకు అప్పు మాత్రం చాలాచోట్ల మగవాడి పేరున. ఇంత పనికీ లెక్క కట్టరెందుకని అడిగితే "ఆమెకు పశువులంటే ప్రేమ" అంటారు. కూలి ఎగ్గొట్టడానికి ఇంతకంటే తీయని మాట దొరకదు. ఉద్యోగంలో చేరినా ఈ మాట వెంటే వస్తుంది. పొదుపు సంఘాల నుంచి వచ్చిన పశుసఖులు నట్టల మందు తాగిస్తారు, టీకాలకు సాయపడతారు. 2022లో కేంద్రం ఏ-హెల్ప్ పేరుతో శిక్షణ కూడా మొదలుపెట్టింది. కాని వాళ్ళది నెలజీతపు ఉద్యోగం కాదు, పని లెక్కన వచ్చే ప్రతిఫలం. అది ఎంతో, ఎప్పుడిస్తారో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

డాక్టరు చదువు వేరు. నీట్ ర్యాంకు కావాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో కాలేజీలున్నాయి. పదో తరగతితో పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా ఉంది. అయితే 1984 చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టరుది. డిప్లొమావాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో చిన్న చికిత్సలే చేయాలి. ఈ తేడా తెలియకుండా చేరకండి.

దరఖాస్తుకు ముందు, డాక్టరుగారి అనుమతి అడిగి, వారం రోజులు దగ్గరి పశువుల ఆస్పత్రిలో నిలబడి చూడండి. దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేయాలి. చచ్చిన గొర్రెను కోసి జబ్బేమిటో చెప్పాలి. కబేళాలో మాంసం పరీక్షించాలి. బాగుపడని కుక్కకు ప్రాణం పోయే సూది వెయ్యాలి. జంతువులంటే ప్రాణమన్నవాళ్ళే ఇక్కడ తల్లడిల్లుతారు. అది తప్పు కాదు. కుక్కను ఇంట్లో పెంచుకుంటూ వేరే ఉద్యోగం చేసుకోవడమూ గౌరవమైన నిర్ణయమే. ఒంటికి ముప్పూ ఉంది. మాయ తీసేటప్పుడు గ్లవ్స్ లేకపోతే బ్రూసెల్లా మనుషులకు అంటుకుంటుంది. రేబిస్ టీకా ముందే వేయించుకోవాలి. గ్లవ్స్, టీకా యాజమాన్యం ఇవ్వాల్సినవి, మీ జేబులోంచి కాదు.

"ఆడపిల్లకు ఈ పనేమిటి" అన్న మాట పాతదే. ఎడింబరోలో పశువైద్యం చదివిన ఐలీన్ కస్ట్‌ను స్త్రీ అన్న కారణంతో ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వలేదు. పట్టా లేకుండానే ఐర్లండులో ఏళ్ళ తరబడి వైద్యం చేసింది. 1919లో చట్టం మారాక, 1922లో గాని పట్టా చేతికి రాలేదు.

మనకు ఇంకో భయం ఉంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ తర్వాత ఈ చదువే వద్దన్న తల్లిదండ్రులున్నారు. వాళ్ళ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాని ఆమెపై దాడి జరిగింది పశువుల కొట్టంలో కాదు, టోల్ ప్లాజా దగ్గర, రోడ్డు మీద. ఆ రోడ్డు మీదే టీచరూ, నర్సూ తిరగాలి. చదువు మాన్పిస్తే రోడ్డు బాగుపడుతుందా? అర్ధరాత్రి పిలుపొస్తే వాహనం, తోడు ఎవరిస్తారని అధికారుల్ని అడగాలి.

2013 లైంగిక వేధింపుల చట్టం ప్రకారం ప్రభుత్వ శాఖలో అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే పెట్ క్లినిక్కులో, చిన్న సంరక్షణ కేంద్రంలో ఉంటే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కార్యకర్తలకు నా విన్నపం: మీ జిల్లాలో ఆ కమిటీ ఉందా, సభ్యులెవరు, కలెక్టరాఫీసులో అడిగి రాసుకోండి. ఈ పిల్లలు కాలేజీలో చేరేలోగా ఆ కాగితం వాళ్ళ చేతికి అందాలి.