పిల్లలు తీసిన బడి చిత్రం

వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం మన పాఠశాలలకు చిరపరిచితమైన పోటీలు. వీటి సరసన ఇటీవలి సంవత్సరాలలో మరొకటి వచ్చి చేరినది. నలుగురైదుగురు విద్యార్థులు ఒక జట్టుగా ఏర్పడి, తమ పాఠశాల జీవితాన్ని గురించి నాలుగైదు నిమిషాల వీడియో చిత్రం తీసి పంపవలెను. ఒకప్పుడు చలన చిత్రం తీయడమంటే కెమేరా, ఫిల్ము, దానిని కడిగే ప్రయోగశాల అన్నీ సమకూర్చుకోవలసి వచ్చేది. ఈనాడు ఇంటిలోని ఫోను ఒక్కటే ఆ పనులన్నీ చేస్తున్నది. కనుక పల్లెటూరి పాఠశాల కూడా పట్టణపు పాఠశాలతో పోటీకి నిలువగలుగుతున్నది.

ఈ మాట వినగానే తల్లిదండ్రులలో ఒక సందేహం కలగడం సహజం. ఫోను ముట్టుకోవద్దని మనమే పిల్లలను మందలిస్తూ ఉంటాము. మరల మనమే దానిని వారి చేతికిచ్చి చిత్రాలు తీయమనడం ఏమి సబబు? ఇది చదువా, కాలక్షేపమా? ఈ ప్రశ్నకు నా అనుభవంలో నుండి సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పిల్లల కోసం పెద్దలు చిత్రాలు తీయడం మన దేశంలో క్రొత్త కాదు. ఆ పనికై 1955లోనే బాలల చలన చిత్ర సంస్థ ఏర్పడినది. 2022లో అది జాతీయ చలన చిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైనది. ఆ సంస్థ జరిపిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి మన హైదరాబాదు పలుమార్లు వేదిక అయినది. 2017 నవంబరులో అక్కడ జరిగిన ఉత్సవంలో పిల్లలు స్వయంగా తీసిన చిత్రాలకు ప్రత్యేకంగా ఒక పోటీ ఉన్నది. పిల్లవాడు ప్రేక్షకుల వరుసలో నుండి లేచి దర్శకుని స్థానానికి వచ్చినాడన్నమాట. ఈ మార్పు చిన్నది కాదు.

చిత్రం తీయడంలో చదువు ఎక్కడ ఉన్నదో చూద్దాము. జట్టులో ఒకరు కథనం వ్రాస్తారు. ఒకరు దృశ్యాన్ని పట్టుకుంటారు. ఒకరు ధ్వని సంగతి చూస్తారు. ఇది తేలిక పని కాదు. తరగతి గదిలో పైన తిరిగే పంకా చప్పుడు మన చెవి పట్టించుకోదు గాని, ఫోను దానిని వదలదు. మాటలు చెప్పేవారి దగ్గర రెండవ ఫోను ఉంచి వేరుగా ధ్వని పట్టవలెనని పిల్లలు ఒకసారి నష్టపోయిన తరువాతనే తెలుసుకుంటారు. ఇంకొకరు కూర్పు చేస్తారు. గంట సేపు తీసిన దృశ్యాలలో నుండి అయిదు నిమిషాలు ఏరుకొనడం, సంగ్రహంగా వ్రాయడమంతటి విద్య. ఎంతో కష్టపడి తీసిన దృశ్యాన్ని కూడా అది పనికిరాదని తెలిసినప్పుడు వదులుకోవలెను. ఆ నిర్ణయం ఒక్కరిది కాదు. జట్టు అంతా కూర్చుని, వాదించుకుని, ఒప్పుకోవలెను.

గొప్ప పరికరాలు లేవని నిరుత్సాహపడే పిల్లలకు నేనొక పాత సంగతి చెబుతుంటాను. 1895లో ఫ్రాన్సు దేశంలో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన తొలి చిత్రాలలో ఒకటి, వారి కర్మాగారంలో నుండి పనివారు బయటకు వస్తున్న దృశ్యం. అది నిమిషమైనా లేదు. కెమేరా కదలదు. తలుపులు తెరుచుకుంటాయి, మనుషులు వస్తారు, అంతే. అయినా ఆ మనుషుల నడకా, తొందరా నేటికీ మనకు తెలుస్తున్నవి. మీరు కూడా చివరి గంట కొట్టే వేళ బడి వాకిట ఫోను కదలకుండా నిలిపి ఒక్క నిమిషం చూడండి అంటాను. ఎవరు పరుగెత్తుతారు, ఎవరు వెనుక మిగిలిపోతారు, ఎవరు తమ్ముని చేయి పట్టుకుని వస్తారు, అంతా అందులోనే ఉంటుంది.

ఇంత చెప్పిన నేనే ఒకసారి పొరబడినాను. ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు తొమ్మిదవ తరగతి పిల్లలు అయిదుగురు, ముగ్గురు బాలికలు, ఇద్దరు బాలురు, ఇటువంటి పోటీకి సిద్ధమైనారు. మొదటి గంట నుండి చివరి గంట వరకు అన్నది వారు ఎన్నుకున్న విషయం. ప్రార్థన, పాఠాలు, మధ్యాహ్న భోజనం, ఆటలు, అన్నీ చక్కగా తీసినారు. నడుమ మాటలు లేని దృశ్యాలు రెండు ఉన్నవి. కిటికీ గట్టు మీద ఒక బాలిక నీళ్ల సీసా. ఉదయం నిండుగా ఉన్నది, సాయంత్రం కూడా నిండుగానే ఉన్నది. తరువాత మరుగుదొడ్డి తలుపు. దానికి గొళ్లెం లేదు. బయట నిలిచిన స్నేహితురాలి చేయి ఆ తలుపును మూసి పట్టుకుని ఉన్నది. ముఖం కనిపించదు, చేయి మాత్రమే.

ఆ రెండూ తీసివేయమన్నాను. పైవారు చూస్తే బడి పేరు ఏమవుతుందన్నది నా భయం. కథనం వ్రాసిన అమ్మాయి, "అయితే ఇది మన బడి ఎట్లా అవుతుంది మాష్టారూ?" అని అడిగినది. నా దగ్గర సమాధానం లేదు, అధికారం మాత్రం ఉన్నది. ఆ దృశ్యాల స్థానంలో బహుమతి కప్పులు పెట్టిన అద్దాల బీరువా వచ్చినది. చిత్రానికి బహుమతి రాలేదు. బడి బాగా కనిపించినది గాని పిల్లలు కనిపించలేదని న్యాయనిర్ణేతలలో ఒకరు వ్రాసినారు.

వార్షికోత్సవం నాడు పిల్లలు తమ చిత్రాన్ని పూర్తిగా చూపుతామన్నారు. ఈసారి అడ్డుపడలేదు. సీసా దృశ్యం రాగానే వెనుక వరుసలో ఒక తల్లి లేచి, "మా పిల్ల ఇంటికి వస్తూనే చెంబెడు నీళ్లు తాగుతుంది. ఎందుకో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు" అన్నది. ఆ వారమే తలుపుకు గొళ్లెం పడినది. నీటి ఏర్పాటు జరగడానికి మరి కొన్ని నెలలు పట్టినది. ఆ గొళ్లెం ఖరీదు ఎంతో శ్రోతలు ఊహించగలరు. దాని సంగతి బాలికలు మాలో ఎవరితోనూ నోటితో చెప్పలేకపోయినారు, చిత్రంతో చెప్పినారు. దానిని కూడా నేను కత్తిరించినాను.

అయితే ఉన్నది ఉన్నట్లు చూపవలెననే ఉత్సాహంలో మరొక ధర్మాన్ని మరువరాదు. ఎదుటివారి అనుమతి లేనిదే వారిని చిత్రంలోనికి తీసుకొనరాదు. ఆ చేయి ఎవరిదో ఆ బాలికను అడిగి, ముఖం చూపబోమని మాట ఇచ్చిన తరువాతనే పిల్లలు ఆ దృశ్యం తీసినారట. ఫ్రాన్సులో ఒక పల్లెలోని ఏకోపాధ్యాయ పాఠశాలను గురించి నికొలా ఫిలిబేర్ అనే దర్శకుడు తీసిన చిత్రం 2002లో విడుదలై పేరు గడించినది. సుమారు అరవై గంటల దృశ్యాలలో నుండి రెండు గంటల లోపు చిత్రాన్ని ఆయన కూర్చినాడు. తరువాత ఆ ఉపాధ్యాయుడే తనకు కూడా ప్రతిఫలం రావలెనని న్యాయస్థానానికి వెళ్లినాడు, వ్యాజ్యం నెగ్గలేదు. ఎంత ఆదరంతో తీసిన చిత్రమైనా, అందులో కనిపించేవారికీ తీసేవారికీ నడుమ ముందుగా స్పష్టత ఉండవలెనని ఇది మనకు తెలుపుతున్నది. తోటి విద్యార్థి ఏడుస్తున్నప్పుడో, దెబ్బలు తింటున్నప్పుడో ఫోను ఎత్తడం చిత్రకళ కాదు. ఇష్టం లేదన్న వారిని విడిచిపెట్టడం, తల్లిదండ్రుల అంగీకారం తీసుకొనడం, పూర్తయిన చిత్రాన్ని ముందుగా అందులోని వారికే చూపడం, ఈ మూడు నియమాలు ప్రతి జట్టుకు అవసరం.

ఉపాధ్యాయులకు, పోటీ నిర్వాహకులకు నాదొక మనవి. పిల్లల చిత్రాన్ని మీరు దిద్దవద్దు. అక్షరదోషం ఉంటే చెప్పండి, ధ్వని వినిపించకపోతే చెప్పండి. ఏమి చూపవలెనో మాత్రం వారికే విడిచిపెట్టండి. మార్కులు వేసేటప్పుడు కెమేరా పనితనానికి ఎంత విలువ ఇస్తారో, చూచిన దానిని నిజంగా చూపినందుకు అంతకంటె ఎక్కువ విలువ ఇవ్వండి.

తల్లిదండ్రులకు మరొక మాట. మీ అమ్మాయో, అబ్బాయో ఇటువంటి చిత్రం తీసి ఇంటికి తెచ్చినప్పుడు, బహుమతి వచ్చినదా అని అడగకముందు ఒకసారి కూర్చుని దానిని చూడండి. బడిలో ఏమి జరిగినదని ప్రతి సాయంత్రం మనం అడుగుతాము. ఏమీ లేదని పిల్లలు జవాబు చెబుతారు. ఆ ఏమీ లేదన్న మాట వెనుక ఉన్నది ఆ అయిదు నిమిషాలలో మీకు కనిపించవచ్చును.