పౌరసత్వము – మన పిల్లల చదువు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగము)



పౌరసత్వం అనగానే మనకు వోటరు జాబితా, రేషన్ కార్డు గుర్తుకొస్తాయి. అవి కావలసినవే. కాని ఉర్దూ బళ్లో పాఠాలు చెప్పుకునే మేము ఇంకొక మాట మనవి చేస్తాము. తనకు రావలసినదేమిటో కాగితం మీద తానే చదువుకొని, తానే అర్జీ రాసుకోగలిగిన నాడే మన బిడ్డ పూర్తి పౌరుడవుతాడు.

చట్టం మనకు తక్కువ చేయలేదు. మన భాషను, లిపిని కాపాడుకొనే హక్కు రాజ్యాంగంలోని 29వ అధికరణంలోను, మన బడులు మనం స్థాపించుకొనే హక్కు 30వ అధికరణంలోను ఉన్నవి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించుటకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించవలెనని 1956లో 350-ఎ అధికరణం చేర్చారు. మన తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేశారు.

మరి లోటెక్కడ? 6 నుండి 14 ఏండ్ల ముస్లిం పిల్లలలో నలుగురికి ఒకరు బడికి పోనేలేదు, లేదా మధ్యలో మానుకున్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మానుకున్నవాడు షెడ్డులోనో, హోటల్లోనో పనికి కుదురుతాడు. ఆడపిల్ల ఇంట్లో ఉండిపోతుంది. హక్కు మాత్రం పుస్తకంలోనే ఉంటుంది.

మన ఇండ్లలో రెండు మాటలు వింటున్నాము. "ఉర్దూ అన్నం పెడుతుందా?" అని ఒకరు, "మనకు తెలుగెందుకు?" అని ఒకరు. రెండూ సరికావు. ఇంట్లో మాట్లాడే భాషలో చెబితే లెక్క త్వరగా బుర్రకెక్కుతుంది. అయితే బస్సు బోర్డు, మండలాఫీసు కాగితం, పక్కింటి నేస్తం మాట తెలుగే కదా! బడులలో తెలుగును తప్పనిసరి చేసిన 2018 నాటి చట్టాన్ని భారమనుకోవద్దు. జిల్లా, అర్జీ, వకీలు, రాజీనామా – ఈ మాటలను తెలుగువారు పరాయివనుకోలేదు. మనమెందుకు తెలుగును పరాయిదనుకోవాలి?

కనుక మా మనవి రెండే. పదో తరగతి కాకుండా ఏ బిడ్డనూ, ముఖ్యంగా ఆడపిల్లను, బడి మాన్పించవద్దు. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం స్త్రీలు ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఆ మీటింగుకు తల్లులు రండి. తెలుగు పంతులు లేకపోతే అడగండి, ఉర్దూ పుస్తకాలు రాకపోతే అడగండి. పక్క వీధి హిందూ, క్రైస్తవ సోదరులను కూడా వెంట పిలవండి. వారి పిల్లల బడి కోసం మనమూ వెళదాము. నలుగురితో కలిసి అడగటమే పౌరసత్వంలో మొదటి పాఠం. దాన్ని పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.

ఖుదా హాఫిజ్.