బతుకమ్మ పాటలలోని లోపలి మాట

చిన్ననాడు చప్పట్లు చరచుచు పాడిన పాటకు అర్థమడుగు అలవాటు మనకు లేదు. చరణమునకొకసారి 'ఉయ్యాలో' యని పల్లవి వచ్చిన చాలును. కాళ్లు వాటంతట అవియే కదలును. వికారాబాదు, తాండూరు ప్రాంతముల బాలికలు బతుకమ్మ పాటలను ఇట్లే నేర్చుకొందురు. భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు, అనంతగిరి గుట్టల తంగేడును, చేలగట్ల గునుగును, బంతిని, గుమ్మడిపూవును వరుసలుగా పేర్చి, నాపబండలు పరచిన వాకిళ్లలో నిలిపి, తల్లుల వెంట చుట్టు తిరుగుదురు. వారి చెవికి అందునవి పూల పేర్లు, సొమ్ముల పేర్లు, అన్నలు తెచ్చు చీరల రంగులు.

అందరకు పరిచితమైన పాటలోని కథ యేమి? ధర్మాంగదుడను చోళరాజునకు, సత్యవతికి నూర్గురు కొడుకులు. నూర్గురును శత్రువులచేత హతులైరి. ఆ దంపతులు రాజ్యము విడిచి అడవిలో తపము చేయగా, లక్ష్మీదేవి వారికి కూతురై పుట్టెను. మునులు వచ్చి ఆమెకు బతుకమ్మ యని పేరిడి దీవించిరి. పుట్టిన బిడ్డలందరు పోగా మిగిలిన పిల్లకు ఆ పేరు పెట్టిరని మరియొక ఐతిహ్యము. ఏ కథ గైకొన్నను భయమొక్కటే. దేవత పేరనుకొని మనము పిలుచునది నిజమునకొక వేడికోలు: బతుకుము తల్లీ, యని.

ఇది పురాణములకే చెందిన దుఃఖమని తలంపరాదు. 1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 146 మంది యేడాది నిండకమునుపే మరణించుచుండిరని అంచనా. పిల్లలు నిలువని యింట పుట్టిన బిడ్డను పెంటపై క్షణకాలముంచి, పరాయి సొత్తువలె ఎత్తుకొని వచ్చి, పెంటయ్య యనియో పెంటమ్మ యనియో పిలిచెడివారు. విలువలేనిదని మృత్యువు చూడక పోవునని వారి ఆశ. భిక్షముగా దొరకినవాడని భిక్షపతి యనిరి. ఈ పేర్లు విని నవ్వు పట్టణపు పిల్లలు కలరు. కాని పెంటమ్మ, బతుకమ్మ అక్కచెల్లెండ్ర వంటి పేర్లు. ఒకటి మృత్యువును ఏమార్చును, ఒకటి ఎదురుగా నిలిచి అడుగును. 2020 నాటి లెక్కలలో తెలంగాణమున ఆ సంఖ్య 21కి దిగినది. నేటి యువతులకు ఆ పేరులోని భయము వినిపించకున్న, అదియు ఒక విధముగా మేలే.

బతుకమ్మకు ముందు కన్నెపిల్లలాడు బొడ్డెమ్మను చూడుడు. మట్టితో అంతస్తులుగా చేసి, పూలు పెట్టి ఆడుదురు. చివరనాడు జోలపాటతో నిద్రపుచ్చి నీట విడుతురు. నిద్రపుచ్చుటయు, నీట విడుచుటయు ఒక్క సాయంత్రముననే! పిల్లలకది బొమ్మలాట. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఆ వలయమునకు వెలుపల నిలిచి వినునప్పుడు ఆ జోల వేరు. బిరుదురాజు రామరాజుగారి జానపదగేయ పరిశోధన గ్రంథము 1958లో వెలువడినది. అట్టివారి కృషివలన పాటలు మనకు దక్కినవి. కాగితముపై పదములు దక్కును గాని, ఎవరెక్కడ నిలిచి వినిరో దక్కదు.

2014లో బతుకమ్మ రాష్ట్రపు పండుగ యైనది. సంతోషమే. కాని లౌడుస్పీకరులలో మ్రోగు కొత్తపాటల వేగమునకు కథ చెప్పు తీరిక తక్కువ. పాత పాటను తుదివరకు పాడగల అవ్వలు మన యిండ్లలో ఇంకను కలరు, వారిచేత పాడించుకొనుడు. పిల్లలకు అప్పుడే అర్థము చెప్పవలెనా యని కొందరడుగుదురు. అక్కరలేదని నా అభిప్రాయము. పాట నోటికి వచ్చిన చాలును.

సద్దులనాడు, మరుసటి యేడు మరల రమ్మని బతుకమ్మను చెరువులో సాగనంపుదురు. ఈ పండుగకు ఆడబిడ్డలు పుట్టింటికి వత్తురు గదా. తాండూరు పిల్లలలో సేడము, చించోళి వైపు కన్నడసీమలో మెట్టినవారును కలరు. తేలిపోవు పూలను చూచి అక్క కంటనీరు పెట్టుకొనగా, పూలు పోయినందులకే యేడ్చుచున్నదని చెల్లెలు తలంచును. సత్తుపిండి ముద్ద తెచ్చి చేతిలో పెట్టును. పది పన్నెండేండ్లకు, తానును పెట్టె సర్దుకొని మరునాటి బండి యెక్కవలసిన సాయంత్రమున, ఆ పాటలో సాగనంపబడునది ఎవరో ఆమెకు తెలియును.